పాత గార్డెన్ ట్రాక్టర్: తుప్పు కన్నా పాత రిపేర్లతోనే చిక్కు

నా చేతికొచ్చిన మొదటి పాత గార్డెన్ ట్రాక్టర్ బానెట్టు ఎత్తగానే ఒక ఇనుప తీగ ముక్క కనిపించింది. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటర్‌కీ, ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్‌కీ మధ్య అసలు లింకు రాడ్డు ఉండాల్సిన చోట దాన్ని వంచి తగిలించారు. ఎవరో ఎప్పుడో పని ఆగిపోకూడదని పెట్టి ఉంటారు. చూడ్డానికి సరిపోయినట్టే ఉంది గానీ అసలు రాడ్డుకన్నా కాస్త పొడవు. నేనది పట్టించుకోకుండా స్టార్ట్ చేశాను. నాలుగైదు సెకన్లలో ఇంజన్ గొంతు మారిపోయింది. వేగం ఎక్కడా ఆగకుండా పెరిగిపోతోంది. తాళం తిప్పి ఆపేసరికి నా చేతులు వణుకుతున్నాయి. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ విరగలేదంటే అది కేవలం అదృష్టం.

ఆ రోజు నుంచి ఏ పాత యంత్రం దగ్గర కూర్చున్నా నేను మొదట వెతికేది తుప్పు కాదు. తుప్పు ఎదురుగానే కనబడుతుంది, ఎవర్నీ మోసం చేయదు. అరుగుదల కూడా కొలిస్తే తెలిసిపోతుంది. యాభై అరవై ఏళ్లలో నలుగురైదుగురు యజమానులు చేసుకుంటూ వచ్చిన సర్దుబాట్లే అసలు చిక్కు. దొరికిన బోల్టు, దొరికిన తీగ, వేరే ఇంజన్ నుంచి ఊడదీసిన రేకు, ఇలా ఒక్కో తప్పు ఇంకో తప్పును కప్పిపెడుతుంది. పాత ట్రాక్టర్‌ను బాగుచేయడమంటే ముందుగా ఈ ముడులు విప్పడమే. దేన్ని ముందు విప్పాలో, దేన్ని కదపకుండా వదిలేయాలో తెలిస్తే మిగతా పనికి కావలసింది ఓపికే.

ముందు ఆ యంత్రమేమిటో తెలియాలి

గార్డెన్ ట్రాక్టర్‌నూ గడ్డి కోసే లాన్ ట్రాక్టర్‌నూ చాలామంది ఒకటే అనుకుంటారు. ఆకారం దగ్గరగా ఉంటుంది కానీ పనిలో తేడా పెద్దది. లాన్ ట్రాక్టర్‌ది పలచని రేకు చట్రం, గడ్డి కోయడమే దాని పని. గార్డెన్ ట్రాక్టర్‌ను నేలను తవ్వే పనిముట్లు లాగడానికి చేశారు. నాగలి, రోటావేటర్, మంచు తోసే బ్లేడు లాంటివి తగిలించుకునేలా మందపాటి చట్రం, బరువైన గేర్‌బాక్స్, పెద్ద వెనక చక్రాలు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అవి బాగుచేసుకునే స్థితిలో ఉండడానికి ఆ బరువే కారణం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఊళ్ల శివార్లలో పెద్ద పెరళ్లున్న ఇళ్లు పెరిగాయి. ఈ యంత్రాలకు గిరాకీ అక్కడే పుట్టింది. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో 1946లో మొదలైన వీల్ హార్స్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కెంటకీలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో 1960ల ఆరంభం నుంచి చేసిన కబ్ క్యాడెట్, విస్కాన్సిన్‌లోని హారికాన్ నుంచి 1963లో వచ్చిన జాన్ డీర్ 110, ఈ మూడూ ఆ తరంలో బాగా పేరున్నవి. తర్వాత కబ్ క్యాడెట్‌ను 1981లో ఎంటీడీ కంపెనీ కొనుక్కుంది, వీల్ హార్స్ 1986లో టోరో కంపెనీ చేతికి వెళ్లింది. రంగులు వేరైనా ఈ మూడింటిలోనూ చాలా మోడళ్లకు గుండెకాయ ఒకటే: కోలర్ కంపెనీ కె సిరీస్ ఇంజన్. పోత ఇనుప బ్లాకు, ఒకటే సిలిండర్, గాలితో చల్లబడే ఇంజన్. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి ముడి ఇక్కడే పడుతుంది. కె సిరీస్‌లో కె 241 అంటే 10 హార్స్‌పవర్, కె 301 అంటే 12, కె 321 అంటే 14. పైనుంచి చూస్తే మూడూ కవలల్లా ఉంటాయి. మోడల్ నంబరు, స్పెసిఫికేషన్ నంబరు ఉన్న ప్లేటు బ్లాకు మీద ఉండదు. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌ను కప్పే రేకు మీద ఉంటుంది. ఆ రేకు విరిగిపోతే ఎవరో పాత ఇంజన్‌ది తెచ్చి బిగిస్తారు. అంతే, ప్లేటు ఒకటి చెబుతుంది, లోపలున్నది ఇంకొకటి. ప్లేటును నమ్మి పిస్టన్ తెప్పించుకుని, పెట్టె విప్పాక సిలిండర్ ముందు నిలబడి తలపట్టుకున్నవాళ్లున్నారు. సిలిండర్ పైమూత అయిన హెడ్ తీసి బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, కొలిస్తే అనుమానం తీరుతుంది. కె 241 బోరు సుమారు 3.25 అంగుళాలు, కె 301ది 3.375, కె 321ది 3.5. విడిభాగాలకు ఆర్డరు పెట్టడం ఆ కొలత తర్వాతే.

రంగు ఆఖరి పని

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు రంగు దగ్గర మొదలుపెడతారు. అది సహజమే, మెరుపు కళ్లకు కనిపించే ఫలితం కదా. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. రంగు వేసిన చట్రం మీద ఇంజన్ ఎక్కించాక ఆయిల్ సీల్ కారితే, గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సి వస్తే, గొలుసులు, పానాలు ఆ కొత్త రంగునే చెక్కేస్తాయి. పైన పటారం లోన లొటారం అన్నట్టు తయారైన యంత్రాలు అమ్మకానికి ఎన్ని వస్తాయో చూస్తుంటే బాధేస్తుంది.

రంగు వేయాలా వద్దా అన్నదాన్ని కూడా విడిగా ఆలోచించాలి. యంత్రాన్ని పనిచేసే స్థితికి తేవడం ఒకటి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయడం ఇంకొకటి. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడుతూ లోపలి భాగాలు మాత్రమే సరిచేయడం మూడోది. అసలు రంగు సగానికి పైగా మిగిలి ఉంటే, స్టిక్కర్లు చదవడానికి వీలుగా ఉంటే నేను మూడోదాన్నే ఎంచుకుంటాను. కూర్చునేచోట అరిగిన గుర్తు, చెయ్యి పట్టిన చోట వచ్చిన నునుపు ఒకసారి గీకేస్తే మళ్లీ రావు. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

విప్పకముందే అడగాల్సిన ప్రశ్నలు

యంత్రం ఇంటికి రాగానే మొత్తం విప్పేయాలని చేతులు దురదపెడతాయి. ఆగండి. విప్పిన యంత్రం తన రోగం చెప్పదు. ఇంజన్ నడవాలంటే కావలసినవి మూడే: కుదింపు, నిప్పురవ్వ, ఇంధనం. ఏది లేదో తేలిన తర్వాతే పానా పట్టుకోవాలి.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజన్ ఆయిల్ బయటికి తీసి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే. ఎండకూ వానకూ వదిలేసిన ట్రాక్టర్లలో గేర్ లివర్ దగ్గర రబ్బరు తొడుగు పగిలి, దానిగుండా నీళ్లు గేర్‌బాక్స్‌లోకి దిగడం చాలా మామూలు. తర్వాత ఫ్లైవీల్ పైనున్న రేకు ఊడదీయండి. గాలి పోవాల్సిన రెక్కల మధ్య ఎండుగడ్డి, ఎలుకలు కట్టుకున్న గూడు అట్టకట్టి ఉంటాయి. ఇది గాలితో చల్లబడే ఇంజన్. ఆ చెత్త అలాగే ఉంచి నడిపితే కాసేపట్లోనే వేడెక్కి పాడవుతుంది. ఈ ఒక్క పని చేయకుండా తాళం తిప్పొద్దు.

ఇప్పుడు ప్లగ్గు తీసి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. తిరిగితే మంచిదే. తిరగకపోతే పిస్టన్ పట్టేసిందన్నమాట, దాని గురించి తర్వాత చెబుతాను.

కుదింపు కొలిచేటప్పుడు చాలామంది మోసపోతారు. కంప్రెషన్ గేజి పెట్టి స్టార్టర్ తిప్పితే అంకె బాగా తక్కువ వస్తుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయని నిర్ణయించి ఇంజన్ విప్పేస్తారు. కె సిరీస్ ఇంజన్లలో చాలావాటికి, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మీద చిన్న ఏర్పాటు ఒకటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా ఎత్తి పట్టుకుని, కొంత గాలిని వదిలేస్తుంది. స్టార్టర్ మీద భారం పడకూడదని చేసిన ఏర్పాటది. వేగం పెరిగాక దానంతటదే తప్పుకుంటుంది. కాబట్టి గేజిలో తక్కువ అంకె కనబడినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. ప్లగ్గు బిగించి ఫ్లైవీల్‌ను చేత్తో వెనక్కి, అంటే మామూలుగా తిరిగే దిశకు ఎదురుగా, గట్టిగా తిప్పి చూడండి. మంచి ఇంజనైతే బంతిలా ఎదురు తంతుంది.

ఇంకా ఖాయంగా తెలియాలంటే పిస్టన్‌ను పై అంచుకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్న స్థితిలో ప్లగ్గు రంధ్రం నుంచి గాలి ఎక్కించాలి. ఫ్లైవీల్‌ను కదలకుండా పట్టించి ఉంచాలి, లేకపోతే గాలి ఒత్తిడికే గిర్రున తిరుగుతుంది. అప్పుడు చెవి పెట్టి వినండి. కార్బ్యురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే రంధ్రంలోంచి వస్తే రింగులు. ఒక్క పరీక్షతో ఇంత స్పష్టంగా జవాబు దొరికేది ఈ పనిలో ఇంకొకటి లేదు.

నిప్పురవ్వ కథ

పాత ఇంజన్లలో ఎలక్ట్రానిక్స్ ఉండవు. పాయింట్లు, కండెన్సర్, కాయిల్, అంతే. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతుంది. అవి విడిపోయిన క్షణంలో ఆ కరెంటు తెగి, కాయిల్ రెండో చుట్టులో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకుతుంది. విడిపోయేచోట పాయింట్లే కాలిపోకుండా కండెన్సర్ కాపాడుతుంది.

ఏళ్ల తరబడి మూలన పడున్న ట్రాక్టర్‌లో నిప్పురవ్వ రాకపోతే పది సార్లలో ఏడెనిమిది సార్లు పాయింట్ల మీద పేరుకున్న పొరే కారణమని నా అనుభవం. కె సిరీస్‌లో అవి బ్లాకు పక్కన ఒక చిన్న మూత కింద ఉంటాయి. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ పాత ఇంజన్లలో చాలావాటికైతే ఫ్లైవీల్ ఊడదీయాలి. మూత తీసి టార్చి వేసి చూస్తే మెరవాల్సిన రెండు బిళ్లలూ బూడిదరంగుకు తిరిగి ఉంటాయి. శుభ్రమైన గట్టి కాగితాన్ని సన్నగా చీల్చి, పాయింట్లు మూసుకుని ఉండగా వాటి మధ్య పెట్టి లాగండి. మొదటిసారి నల్లటి గీత పడుతుంది. రెండోసారి గోధుమరంగు. నాలుగో ఐదో కాగితానికి తెల్లగా వస్తుంది. గరుకు ఎమరీ కాగితం వాడొద్దు. దాని పొడి బిళ్లల్లో ఇరుక్కుపోయి మళ్లీ అదే సమస్య తెస్తుంది.

పాయింట్ల మధ్య ఖాళీ 0.020 అంగుళాలు ఉండాలి. సందును కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజితో పెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు. కె సిరీస్‌లో ఆ ఖాళీయే టైమింగును, అంటే నిప్పురవ్వ పడే క్షణాన్ని, కూడా నిర్ణయిస్తుంది. ఖాళీ పెంచితే పాయింట్లు త్వరగా విడిపోతాయి, నిప్పురవ్వ ముందుకు జరుగుతుంది. తగ్గిస్తే ఆలస్యమవుతుంది. అందుకే ఫ్లైవీల్ మీద ఎస్ అని గుర్తు ఉంటుంది. ఆ గుర్తు సరైన చోటికి వచ్చినప్పుడే పాయింట్లు విడిపోయేలా ఖాళీని సవరించాలి. ఫీలర్ గేజికీ ఆ గుర్తుకూ తేడా వస్తే గుర్తునే నమ్మండి.

ఒక హెచ్చరిక. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తాళం ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు మూసుకుని ఉన్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది. నేను ఒకసారి వైర్లు వెతుకుతూ అరగంట అలా వదిలేశాను. కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, లోపలి నూనె అతుకు దగ్గర కారి, ఇక పనికి రాలేదు.

ఇంధనం

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు జిగురుగా మారి, వార్నిష్ వాసన వేస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. పాత రబ్బరు గొట్టాలనూ అది ఉబ్బించేస్తుంది. అందుకని గొట్టాలు, ఫిల్టరు బాగున్నాయనిపించినా మార్చేయడమే మేలు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు అసలు ట్యాంకు వాడకండి. చిన్న సీసాలో కొత్త పెట్రోలు పోసి, పైకి వేలాడదీసి, గొట్టంతో కార్బ్యురేటర్‌కు ఇవ్వండి. లేకపోతే ట్యాంకులోని తుప్పంతా నేరుగా కార్బ్యురేటర్ జెట్టులోకి, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంలోకి, దిగుతుంది.

కార్బ్యురేటర్ విప్పేముందు, గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూలను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకోండి. మళ్లీ బిగించేటప్పుడు అదే మీకు ఆరంభ స్థానం. స్క్రూను అడుగు దాకా గట్టిగా బిగించకూడదు, సూది కొన మీద గాడి పడిపోతుంది. లోపలి సన్నని రంధ్రాలను తీగతో పొడిచి శుభ్రం చేయడం చాలాచోట్ల చూస్తాను. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఇంజన్ ఇక నిలకడగా నడవదు. క్లీనరులో నానబెట్టి గాలితో ఊదడమే దారి. గాలి దారిని తెరిచి మూసే త్రాటిల్ కడ్డీని అటూ ఇటూ ఊపి చూడండి. బాగా వదులుగా ఉంటే అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోతుంది. అప్పుడు ఎన్ని స్క్రూలు తిప్పినా ఐడిల్, అంటే భారం లేనప్పటి నెమ్మది నడక, కుదరదు.

పట్టేసిన పిస్టన్

సిలిండర్ పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. తేమ చేరితే రింగులు ఆనుకున్న గీత వెంట ఇనుము తుప్పుపట్టి రింగులను పట్టేస్తుంది. ప్లగ్గు రంధ్రంలో చొరబడే నూనె పోసి రోజుల తరబడి నానబెట్టాలి. మధ్యమధ్య ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ ఉండాలి. ముందుకే తిప్పాలని పట్టుబట్టకండి. ఎటు కదిలితే అటు కదలనివ్వండి. కొందరు అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ నూనె (ఏటీఎఫ్) సమపాళ్లలో కలిపి పోస్తారు, అది బాగానే చొరబడుతుంది. అయితే అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

వారం దాటినా కదలకపోతే హెడ్ తీయండి. పిస్టన్ నెత్తిన సుత్తితో మోదితే అల్యూమినియం చిట్లిపోతుంది. చెక్క దిమ్మె ఆన్చి మెల్లగా తట్టవచ్చు. అది కూడా సిలిండర్ గోడల మీది తుప్పును ముందు శుభ్రం చేసిన తర్వాతే.

అసలు గుండె: కనెక్టింగ్ రాడ్

ఈ ఇంజన్లో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగి చూసే భాగం ఇదే. కె సిరీస్‌లో కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంది. కారు ఇంజన్లలో ఉన్నట్టు విడి బేరింగు చిప్పలు ఉండవు. అల్యూమినియమే నేరుగా క్రాంకు ఇనుము మీద తిరుగుతుంది. ఆయిల్ పంపు కూడా లేదు. రాడ్డు కింది కొసన చిన్న గరిటె లాంటి భాగం ఉంటుంది. ప్రతి చుట్టుకూ అది ఆయిల్లో మునిగి చిమ్ముతుంది. ఆ చిమ్మిందే రాడ్డుకు, క్యామ్‌షాఫ్ట్‌కు, సిలిండర్ గోడలకు ఆధారం.

ఇదంతా చదివితే ఆయిల్ మట్టం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. మట్టం తగ్గినా, బాగా వాలు నేల మీద చాలాసేపు నడిపినా గరిటెకు ఆయిల్ అందదు. అల్యూమినియం క్రాంకుకు అతుక్కుని, మరుక్షణం రాడ్డు విరిగి బ్లాకు గోడను చీల్చుకుని బయటికొస్తుంది. గవర్నర్ పట్టు తప్పి 3600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటి పరిగెత్తినా అదే ముగింపు. నేను తీగ ముక్క గురించి మొదట చెప్పింది అందుకే.

రాడ్డు విప్పాక, అది తిరిగే క్రాంకుపిన్నును మైక్రోమీటరుతో కొలవండి. 10 నుంచి 16 హార్స్‌పవర్ ఇంజన్లకు అది దాదాపు 1.5 అంగుళాలు. ఒక్కచోట కొలిస్తే చాలదు. అడ్డంగా, నిలువుగా, రెండు కొసల దగ్గరా కొలవాలి. అంగుళంలో వెయ్యో వంతును లేత్ పనివాళ్లు థౌ అంటారు. ఇక్కడ ఒక్క థౌ తేడా కూడా లెక్కలోకొస్తుంది. పిన్ను కోడిగుడ్డులా అరిగిపోయి ఉంటే కొత్త రాడ్డు బిగించినా కొద్దిరోజులే. దాన్ని గుండ్రంగా గ్రైండింగ్ చేయించి, పది థౌలు చిన్న కొలత ఉన్న రాడ్డు వేయాలి.

సిలిండర్‌కూ ఇదే పద్ధతి. అరుగుదల పైభాగంలో, రింగు తిరిగే చోట ఎక్కువ. బోరు పెంచాల్సి వస్తే 10, 20, 30 థౌల పెద్ద పిస్టన్లు దొరుకుతాయి. వరుస మాత్రం తలకిందులు కాకూడదు. ముందు పిస్టన్ తెప్పించాలి, దాన్ని చేతికిచ్చి ఆ కొలతకు సరిపోయేలా బోరింగు చేయించాలి. బోరు ముందే చేయించి పిస్టన్ కోసం వెతకడం మొదలుపెడితే ఆ కొలతది దొరక్కపోవచ్చు. రాడ్డుకూ దాని కింది టోపీకీ ఎదురెదురు గుర్తులుంటాయి. బిగించేటప్పుడు అవి కలవాలి. బిగింపు బలాన్ని కొలిచి చూపే టార్క్ పానా లేకుండా రాడ్ బోల్టులు బిగించకండి. మిగతా ఎక్కడైనా చేతి అంచనా నడుస్తుందేమో గానీ ఇక్కడ నడవదు.

కొన్ని కె సిరీస్ ఇంజన్ల లోపల కుదుపు తగ్గించడానికి రెండు బ్యాలెన్స్ గేర్లుంటాయి. అవి అరిగి విరిగితే బ్లాకునే పగలగొడతాయి. ఇంజన్ ఎలాగూ విప్పాక వాటిని తీసేసి మూయడమే మంచిదని ఈ ఇంజన్లు తెలిసినవాళ్లలో చాలామంది అంటారు, నేనూ అదే చేస్తాను. కాస్త కుదుపు ఎక్కువవుతుంది, బ్లాకు మిగులుతుంది.

బోల్టులు, హబ్బులు, కరెంటు

ఈ ట్రాక్టర్లన్నీ అంగుళాల కొలతల్లో చేసినవి. పాత చేతుల తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. 5/16 అంగుళాల బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ మొదటిదానికి అంగుళానికి 18 మరలు, రెండోదానికి మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఇరవై పైచిలుకు. మెట్రిక్ బోల్టు రెండు చుట్లు సాఫీగా దిగి బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే లోపలి మర పోతుంది. అందుకని రెండు చుట్ల తర్వాత ఏ బోల్టైనా మొరాయిస్తే ఆపి, వెనక్కి తీసి, మర కొలిచే గేజి పెట్టి చూడండి.

వెనక చక్రాల హబ్బులు ఇరుసు మీద తుప్పుతో ఏకమైపోయి ఉంటాయి. ఇరుసు కొసను సుత్తితో కొట్టకూడదు. కొస పువ్వులా విచ్చుకుపోతుంది, దెబ్బ లోపలి గేర్లదాకా పోతుంది. పుల్లర్ బిగించి ఒత్తిడి మీద ఉంచి, హబ్బును మాత్రమే వేడి చేసి, నూనె వేసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే టక్కున వదిలిన శబ్దం వినబడితే ఆ ఆనందమే వేరు. నూనె ఒత్తిడితో చక్రాలను నడిపే హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ ఉన్నదైతే దాన్ని ఊరికే విప్పొద్దు. ముందు నూనె, ఫిల్టరు మార్చి నడిపి చూడండి. లోపలి భాగాలకు ఇసుక రేణువు కూడా శత్రువే.

1960ల నాటి చాలా ట్రాక్టర్లలో స్టార్టర్, జనరేటర్ రెండూ ఒకటే యంత్రం. బెల్టుతో ఇంజన్ను తిప్పి స్టార్ట్ చేస్తుంది, ఇంజన్ నడిచాక అదే బెల్టుతో తను తిరిగి బ్యాటరీని చార్జి చేస్తుంది. దీన్ని బాగుచేసి మళ్లీ బిగించాక ఒక చిన్న పని మర్చిపోతారు. జనరేటర్‌కు ధ్రువాలు కుదిర్చాలి. ఇంజన్ ఆగి ఉండగా, చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్ మీది బ్యాటరీ టెర్మినల్‌నూ జనరేటర్ టెర్మినల్‌నూ తీగతో ఒక్క క్షణం తాకించాలి, చిన్న మెరుపు వస్తుంది, అంతే. ఇది చేయకపోతే జనరేటర్ ఎదురు దిశలో కరెంటు పుట్టించి రెగ్యులేటర్‌ను కాల్చేయవచ్చు. ఇది డెల్కో రెమీ కంపెనీ తరహా ఏర్పాటుకు వర్తించే పద్ధతి. మీ దగ్గరున్నది ఏదో వైరింగు పటంలో చూసుకున్నాకే చేయండి.

తుప్పు, రంగు

యంత్రం నడిచి, ఆయిల్ ఎక్కడా కారడం లేదని తేలాక తుప్పు వదిలించే పనిలో దిగవచ్చు. రేకు భాగాలకు నాకు నచ్చిన పద్ధతి విద్యుత్ విశ్లేషణ. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి వాషింగ్ సోడా కలిపి, తుప్పుపట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జర్ నెగటివ్‌కు, ఒక పాత ఇనుప ముక్కను పాజిటివ్‌కు తగిలించాలి. మంచి ఇనుము చెక్కుచెదరదు, తుప్పు మాత్రమే నల్లటి బురదగా రాలిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకండి, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. అల్యూమినియం భాగాలు ఆ సోడా నీళ్లలో వేయకూడదు, అవి తినుకుపోతాయి. హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయటే పెట్టుకోండి.

పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరిలోకి పోతుంది. తడిపి రుద్దండి, సరైన మాస్కు పెట్టుకోండి. పాత క్లచ్చు, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ పొడిని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రంగుల్లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. వాటికి మామూలు మాస్కు చాలదు.

స్టిక్కర్లను గీకేముందు పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసుకోండి, ఏ అంచు నుంచి ఎంత దూరమో రాసుకోండి. ఇంజన్ చట్రాన్ని తాకేచోట, ఎర్త్ తీగ బిగించేచోట రంగు పడకూడదు. అక్కడ రంగు పడితే స్టార్టర్ మొరాయిస్తుంది, కారణం ఎక్కడుందో తెలియక బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు. సిలిండర్ రెక్కల మీద మందంగా రంగు పూస్తే వేడి బయటికి పోదు. పలచగా ఒకటే పూత చాలు.

మొదటి గంట

కొత్త రింగులతో మొదటిసారి స్టార్ట్ చేసేముందు గవర్నర్ లింకు, స్ప్రింగు ఏ రంధ్రంలో ఉండాలో మాన్యువల్ పక్కన పెట్టుకుని మరోసారి చూడండి. త్రాటిల్ కడ్డీని చేత్తో కదిపితే గవర్నర్ చెయ్యి ఎక్కడా తట్టుకోకుండా కదలాలి. ఇంజన్ వేగం చూపే టాకోమీటరు దగ్గరుంచుకోండి. తాళం ఆపేసినా ఇంజన్ నడుస్తూ ఉంటే కార్బ్యురేటర్‌లోకి పోయే గాలిని మూయడానికి ఒక చెక్క ముక్క కూడా అందుబాటులో ఉంచండి.

పొగ మొదట వస్తుంది. సిలిండర్‌లో పూసిన ఆయిల్ కాలి వచ్చేది అది, కాసేపట్లో తగ్గాలి. ఊరికే ఐడిల్లో గంటలు గంటలు నడపకండి. కొద్ది భారం మీద నడిస్తేనే రింగులు గోడలకు సర్దుకుంటాయి. పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన వరుసలో, చెప్పిన టార్కుకు మళ్లీ బిగించండి. గాస్కెట్ మొదటి వేడికి కొద్దిగా కుంగుతుంది. ఎక్కడో ఒక బోల్టు పావు చుట్టు తిరగడం దాదాపు ప్రతిసారీ చూస్తాను.

ఆ తర్వాత మళ్లీ కొంచెంసేపు నడిపి, ఆయిల్ వేడిగా ఉండగానే తెల్లటి గిన్నెలోకి దించి, ఎండలో పెట్టి చూడండి. సన్నటి బూడిద మెరుపు ఉంటే కంగారు పడక్కర్లేదు, కొత్త రింగులు సర్దుకుంటున్నప్పుడు అది మామూలే. గోటితో తాకితే తగిలేంత రేకు ముక్కలు కనబడితే మాత్రం ఇంకోసారి స్టార్ట్ చేయకుండా అడుగు మూత విప్పి రాడ్డు చూడండి. రెండోసారి దించిన ఆయిల్ శుభ్రంగా వచ్చిందంటే ఇక బానెట్టు బిగించుకోవచ్చు.